రాయబారి హత్య.. రాళ్ల దారి

ఎనిమిదొందల ఏళ్ల కిందటి హత్య అది. పంచనామా జరగలేదు. కేసు పెట్టినవాళ్లు లేరు. చంపిందెవరో, చంపించిందెవరో ఊరూవాడా తెలుసు. అయినా ఏటా కార్తీక అమావాస్యకు పల్నాడులో ఆ కథ మళ్లీ మొదటి నుంచీ చెప్పుకుంటారు. క్రోసూరు నుంచి కారంపూడి దాకా ఆ కథ వెంట వెళ్లొస్తే..?

కార్తీకమాసంలో క్రోసూరు చూడాలి. పత్తి తీతలు జోరు మీదుంటాయి. తెల్లారకముందే ఆటోల నిండా కూలీలు చేలకు బయల్దేరతారు. మిరప చేలు పచ్చగా ఉంటాయి. అవి పండి, కోసి, కల్లాల్లో ఆరబోశాక ఊరి చుట్టూ ఎర్ర తివాచీ పరిచినట్టే ఉంటుంది. ఆ తర్వాత బస్తాలకెక్కి గుంటూరు యార్డు దారి పడతాయి.

సత్తెనపల్లికి ఉత్తరాన, కృష్ణానదికి ఇవతల ఉండే మండల కేంద్రం ఇది. ఒకప్పుడు గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. పాత లెక్కలో పల్నాడంటే గురజాల, మాచర్ల వైపే. క్రోసూరు ఆ నేలకు గుమ్మం లాంటిది. ఇక్కణ్నుంచి పడమరకు వెళ్లేకొద్దీ నల్లరేగడి పల్చబడి నాపరాయి పైకి తేలుతుంది.

తెలుగునాట ఇలాంటి ఊళ్లన్నిట్లోనూ ఒకనాడు అపరాధ పరిశోధన నవలలు తెగ చదివేవారు. రోజుకింతని అద్దెకిచ్చే పుస్తకాల కొట్లు, శాఖా గ్రంథాలయాలు, చేతులు మారీ మారీ అట్టలూడిన పుస్తకాలు... కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, టెంపోరావు కథలు, మధుబాబు షాడో... ఇంట్లో పెద్దవాళ్లకు తెలియకుండా పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టుకుని చదివిన తరం ఇప్పుడు మనవళ్లతో ఆడుకుంటోంది. ఆ నవలల్లో ఒకటే ఉత్కంఠ- హంతకుడెవరు? ఆఖరి పేజీలో అది తేలిపోతే పుస్తకం మూసేయొచ్చు.

మరి హంతకుడెవరో మొదటే తెలిసిపోతే? అయినా కథ వదలకుండా వెంటాడితే?

అలాంటి నవలలకు ప్రపంచంలో పెట్టింది పేరు ఓ బెల్జియం రచయిత. జార్జెస్ సిమెనాన్.

లియేజ్ కుర్రాడు

బెల్జియం డిటెక్టివ్ అనగానే చాలామందికి పాయ్‌రో గుర్తొస్తాడు. కానీ ఆ మీసాలాయన్ని సృష్టించింది ఇంగ్లండుకు చెందిన అగాథా క్రిస్టీ. అసలు బెల్జియం వాడు సిమెనాన్. 1903లో లియేజ్ నగరంలో పుట్టాడు. మ్యూజ్ నది ఒడ్డున బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారాలతో బతికిన ఊరది. బడి మానేసి పదహారేళ్లు నిండీ నిండకుండానే స్థానిక పత్రికలో విలేకరిగా చేరాడు. పోలీస్ స్టేషన్లు, కోర్టులు, సందుగొందులు తిరగడమే ఉద్యోగం. 1922లో పారిస్ వెళ్లాడు. 1930ల మొదట్లో మెగ్రే అనే పోలీసు అధికారిని పాఠకులకు పరిచయం చేశాడు. ఆయన మీద 75 నవలలు, 28 చిన్న కథలు రాశాడు. అవి కాక ‘కఠిన నవలలు’ అని తనే పేరు పెట్టుకున్నవి వందకు పైనే. వాటిలో డిటెక్టివ్ ఉండడు. మామూలు మనిషొకడు ఒక్కో మెట్టే దిగజారి నేరం దాకా ఎలా వెళ్లాడన్నదే కథ. నవల రాయడానికి ఆయనకు పది పన్నెండు రోజులు చాలు. మాటలు కూడా రోజూ అందరూ వాడేవే. 1989లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కన్నుమూశాడు.

మెగ్రే పద్ధతి మిగతా డిటెక్టివ్‌ల్లా ఉండదు. భూతద్దం పట్టుకుని వేలిముద్రలు వెతకడు. హత్య జరిగిన ఊరికెళ్లి ఊరికే కూర్చుంటాడు. అక్కడి తిండి తింటాడు, బీరు తాగుతాడు, వాన చూస్తాడు. ఇరుగుపొరుగు మాటలు వింటాడు. ఆ ఇల్లు, ఆ వీధి, ఆ పగలు తనకు వంటబట్టాక హంతకుడు దానంతటదే బయటపడతాడు. పట్టుకున్నాక కూడా మెగ్రేకి గెలిచిన సంతోషం ఉండదు. తీర్పు చెప్పడం కన్నా అర్థం చేసుకోవడమే ముఖ్యమన్నది సిమెనాన్ జీవితమంతా నమ్మిన మాట.

ఆయన తొలి నవలల్లో ఒకటి సెయింట్ ఫోలియన్ చర్చి దగ్గర ఉరి మీద రాసింది. 1931లో వచ్చింది. దాని వెనక నిజంగా జరిగిన సంఘటన ఉంది. 1922లో లియేజ్‌లో ఆ చర్చి తలుపుకే ఓ యువకుడు ఉరికి వేలాడుతూ కనిపించాడు. సిమెనాన్ తిరిగిన కుర్ర కళాకారుల బృందంలోనివాడే. విలేకరిగా చూసిన ఆ చావు తొమ్మిదేళ్లు మనసులో ఉండి నవలైంది. ఇప్పుడు లియేజ్‌లో సిమెనాన్ పుట్టిన వీధి, పెరిగిన ఔత్ర్‌మ్యూజ్ పేట, ఆ చర్చి చుట్టూ పర్యాటకులు పనిగట్టుకుని నడుస్తారు. నేరం జరిగిన చోట నిలబడి కథను తలుచుకోవడం అక్కడి వాళ్లకు ఓ సరదా.

పల్నాడుకు అది కొత్త కాదు. ఇక్కడ ఆ పని ఎన్నో తరాలుగా జరుగుతోంది. కాకపోతే సరదాకి కాదు, మొక్కుబడిగా.

గడ్డి మీద పన్ను, జైల్లో నవల

క్రోసూరు నుంచి సత్తెనపల్లి చేరితే గుంటూరు-మాచర్ల రోడ్డు తగులుతుంది. గ్రంథాలయోద్యమంలో పనిచేసిన వావిలాల గోపాలకృష్ణయ్య ఊరు సత్తెనపల్లి. ఆ పాత సత్తెనపల్లి తాలూకాలోని వేములూరుపాడులోనే 1877లో ఉన్నవ లక్ష్మీనారాయణ పుట్టారు. చదువుకుని బారిస్టరయ్యారు. గుంటూరులో శారదానికేతన్ స్థాపించారు. వితంతు వివాహాలు జరిపించారు. తెలుగువాళ్లు ఆయన్ని గుర్తుపెట్టుకున్నది మాత్రం ‘మాలపల్లి’ నవలతో.

ఆ నవల పుట్టుకలో పల్నాడు వాటా ఉంది. అడవిలో పశువులు మేపుకుంటే పుల్లరి కట్టాలని తెల్లదొరల ప్రభుత్వం పట్టుబట్టిన రోజులవి. వర్షం లేక, పంట లేక, పశువే ఆధారమైన నేలలో గడ్డి మీద పన్ను! జనం ఎదురుతిరిగారు. పన్ను కట్టబోమన్నారు. పుల్లరి వసూలుకొచ్చిన ఉద్యోగులను వెలివేశారు. 1921లో ఆ గొడవల్లో పల్నాడు వెళ్లిన ఉన్నవను పట్టుకుని జైల్లో పెట్టారు. రాయవేలూరు జైల్లో కూర్చుని ఆయన ‘మాలపల్లి’ రాశారు. 1922లో అచ్చయింది. 1923లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

‘మాలపల్లి’ని సంఘసంస్కరణ నవలగానే బళ్లో చెబుతారు. నేర కథగా చదివినవాళ్లు తక్కువ. రామదాసు, మాలక్ష్మిల కొడుకు సంగదాసు కూలీల పక్షాన మాట్లాడాడు. అందుకు భూస్వామి చౌదరయ్య చేతిలో చచ్చిపోయాడు. ఇంకో కొడుకు వెంకటదాసు దొంగల నాయకుడయ్యాడు. ‘దొంగెవడు?’ అని ఆ నవల అడగదు. మంచివాళ్ల ఇంట్లో పుట్టిన పిల్లాడు దొంగ ఎలా అయ్యాడని అడుగుతుంది. సిమెనాన్ మెగ్రేని పాఠకులకు పరిచయం చేయకముందే తెలుగులో ఈ ప్రశ్న వచ్చేసిందన్నమాట.

1922 అనే సంవత్సరం ఈ దారిలో మరోసారి ఎదురవుతుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే పుల్లరి ఉద్యమం నడిపిన మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు నేలకొరిగాడు. అక్కడ లియేజ్‌లో చర్చి తలుపు దగ్గర ఓ యువకుడి చావు, ఇక్కడ పల్నాడు పొలిమేరలో ఓ రైతు చావు. ఒకదానికి నవల మిగిలింది. ఇంకోదానికి ఊరి పాటలు మిగిలాయి. హనుమంతు పేరు తెలియని పల్నాటి పిల్లాడు ఈనాటికీ ఉండడు.

రాళ్ల ఊళ్లు

సత్తెనపల్లి దాటాక పిడుగురాళ్ల. సున్నపు బట్టీల ఊరు. గాలిలో తెల్లటి పొడి. లారీల మీద సున్నం బస్తాలు. ఇక్కణ్నుంచి రోడ్డు పక్కన గోడలు, ప్రహరీలు, ఇంటి ముందు అరుగులు... ఎటు చూసినా నాపరాయే. ఎండాకాలంలో ఈ వైపు రావాలంటే గుండె ధైర్యం కావాలి. రాష్ట్రంలో ఎండల వార్త రాగానే వినపడే రెంటచింతల ఈ చుట్టుపక్కలే.

ఈ రాళ్లను, ఇక్కడి జొన్నకూడును మహాకవి శ్రీనాథుడు చాటువుల్లో వెక్కిరించాడని చెప్పుకుంటారు. రాజుల పందిట్లో సన్నబియ్యం తిని పెరిగిన కవికి ఇక్కడి తిండి సయించలేదట. చిత్రమేమిటంటే, ‘పల్నాటి వీరచరిత్ర’ను ద్విపదలో రాసిన ఖ్యాతి కూడా ఆయనదే. నేలను వెక్కిరించినా, ఈ నేల కథను మాత్రం వదల్లేకపోయాడు. ఆ కావ్యాన్ని 1911లో అచ్చు వేయించి చదువుకున్నవాళ్ల ముందుకు తెచ్చింది అక్కిరాజు ఉమాకాంతం.

అచ్చులోకి రాకముందూ, వచ్చాకా కథను బతికించింది మాత్రం పాడేవాళ్లే. వీరవిద్యావంతులంటారు వీళ్లని. కథంతా ఒక్క రాత్రిలో అయ్యేది కాదు. ఒక్కో రాత్రి ఒక్కో మనిషి కథ. ఆ రాత్రికి ఆ మనిషే లోకం. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ ఇక్కడికొచ్చి అలిశెట్టి గాలేయ్య పాడిన కథను విని, ఇంగ్లిష్‌లోకి తెచ్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా పుస్తకంగా వేశారు. లోకంలోని పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల లైబ్రరీల్లో కారంపూడి, గురజాల పేర్లు అలా చేరాయి.

ఇంట్లో మొదలైన తగువు

గురజాల వచ్చింది. పన్నెండో శతాబ్దంలో నలగామరాజు రాజధాని. ఇప్పుడు కోటలూ గోపురాలూ వెతక్కూడదు. కథ తెలిసినవాళ్లకే ఊరు కనిపిస్తుంది.

కథేమిటంటే... అనుగురాజుకు ముగ్గురు భార్యలు. పెద్ద కొడుకు నలగాముడు గురజాల గద్దెనెక్కాడు. సవతి తమ్ముడు మలిదేవుడు, అతని తోడబుట్టినవాళ్లు మాచర్ల తీసుకున్నారు. మలిదేవుడి పక్షాన మంత్రి బ్రహ్మనాయుడు. నలగాముడి కొలువులో నాయకురాలు నాగమ్మ. ఆ కాలంలో ఓ ఆడమనిషి మంత్రిగా కూర్చుని రాజ్యం నడిపించడం మామూలు విషయం కాదు. ఆమెను మాయలమారి అన్నవాళ్లున్నారు, అంతటి రాజనీతిజ్ఞురాలు లేదన్నవాళ్లూ ఉన్నారు. 1947 ‘పల్నాటి యుద్ధం’ సినిమాలో కన్నాంబ, 1966లో మళ్లీ తీసినప్పుడు భానుమతి ఆ పాత్ర వేశారు. అంత బలమైన పాత్ర దొరకడం నటీమణులకు అదృష్టం.

రెండు కొలువుల మధ్య పౌరుషం కోడిపందెం దాకా వెళ్లింది. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలన్నది షరతు. బ్రహ్మనాయుడి కోడి ఓడింది. మలిదేవుడి వాళ్లు అడవుల పాలయ్యారు. పశువుల మందలతో ఊళ్లు మారుతూ చివరకు త్రిపురాంతకం దగ్గరి మేడపిలో తలదాచుకున్నారు. ఏడేళ్లు గడిచాయి. మాట ప్రకారం తమ రాజ్యం తమకివ్వాలి.

అడగడానికి ఎవరో ఒకరు వెళ్లాలి. ఎవరిని పంపాలి?

అలరాజును పంపారు. ఇతను బ్రహ్మనాయుడి పక్షంలోని కొమ్మరాజు కొడుకు. అంతకన్నా పెద్ద చుట్టరికం ఇంకోటుంది- నలగాముడి సొంత అల్లుడు. కూతురు పేరిందేవి మొగుడు. ఎంత పగ ఉన్నా ఇంటల్లుణ్ని ఏం చేస్తారులే అన్న ధీమా. రాయబారిని చంపకూడదన్నది రాజనీతి. అల్లుడికి కీడు తలపెట్టకూడదన్నది ఇంటి నీతి. రెండు కంచెలున్నాయి కదా అనుకున్నారు.

చర్లగుడిపాడు దగ్గర...

గురజాల మండలంలో చర్లగుడిపాడు అనే ఊరుంది. అన్ని ఊళ్లలాగే ఉంటుంది. పొలాలు, నాపరాళ్లు, పశువులు, బడికెళ్లే పిల్లలు. తెలియనివాళ్లు బస్సు కిటికీలోంచి చూసి మర్చిపోతారు. కథ తెలిసినవాళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగుతారు. రాయబారం ముగించుకుని తిరిగి వెళ్తున్న అలరాజును విషం పెట్టి చంపింది ఇక్కడేనని కథ చెబుతుంది.

చంపించిందెవరు? కథ వేలు నరసింగరాజు వైపు చూపిస్తుంది. నలగాముడి తమ్ముడతను. అంటే పేరిందేవికి చిన్నాన్న. అతని వెనక నాగమ్మ ఆలోచన ఉందంటారు కొందరు. నలగాముడికి ముందే తెలుసా, తెలిసీ ఊరుకున్నాడా? ఒక్కో గాయకుడి నోట ఒక్కోలా ఉంటుంది. మెగ్రే వచ్చినా ఇక్కడ చేతికి బేడీలు వేయడానికి పెద్దగా పని ఉండదు. నేరస్థుడెవరో పొద్దున్నే తేలిపోతుంది. ఆయన ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆలోచించేది వేరే ఉంటుంది: ఇంతమంది పెద్దలున్న కొలువులో ఆ విషాన్ని ఆపగలిగినవాళ్లు ఎందరు? ఆపనివాళ్లు ఎందరు?

సంధి కోసం వచ్చినవాణ్ని చంపేశాక మాట్లాడుకోవడానికి దారి మూసుకుపోయింది. అప్పటిదాకా యుద్ధం వద్దనుకున్నవాళ్లకు కూడా అడ్డుచెప్పే నోరు లేకుండా పోయింది. కొడుకును పోగొట్టుకున్న కొమ్మరాజు పగ తీర్చమన్నాడు. భర్త శవం ముందు పేరిందేవి నిలబడింది. ఒకవైపు పుట్టిల్లు, ఒకవైపు మెట్టినిల్లు. చంపింది పుట్టింటివాళ్లు, చచ్చింది కట్టుకున్నవాడు. ఎవరి తరఫున ఏడవాలి? ఎవరిని శపించాలి? ఆమె భర్తతోపాటే చితిలో కాలిపోయింది. ఆ ఘట్టం వచ్చేసరికి కథ వినే ఆడవాళ్ల కళ్లు ఇప్పటికీ తడుస్తాయి. వాళ్లు రాజుల కోసం ఏడవరు. ఇరువైపులా నలిగిపోయిన ఆడపిల్ల కోసం ఏడుస్తారు. రెండు కుటుంబాల మధ్య పగ రేగితే, ఆ ఇంట్లోంచి ఈ ఇంటికొచ్చిన కోడలి గతేమిటో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బాలచంద్రుడి వీరత్వాన్ని బళ్లో చదువుకుంటాం. మగువ మాంచాల పేరు తెలుసు. కోడిపందెం సంగతి చెప్పక్కర్లేదు. కానీ పల్నాటి యుద్ధానికి అసలు గుమ్మం ఈ చర్లగుడిపాడు. కోడి ఓడితే ఏడేళ్లకు మళ్లీ రావచ్చు. మనిషి చచ్చిపోతే తిరిగి రావడమంటూ ఉండదు.

అయిదు రోజుల విచారణ

కథ చివరికి కారంపూడి చేరుతుంది. పాత పేరు కార్యమపూడి. పక్కనే నాగులేరు. ఆ ఒడ్డునే రెండు సేనలూ తలపడ్డాయి. అన్నదమ్ముల పిల్లలు, మామా అల్లుళ్లు, నిన్నటిదాకా ఒకే పంక్తిలో తిన్నవాళ్లు ఒకరినొకరు నరుక్కున్నారు. కొడుకు బాలచంద్రుడు పోయాడు. దాదాపు అందరూ పోయారు. గెలిచిన బ్రహ్మనాయుడు ఏం చేశాడు? గద్దెనెక్కి ఊరేగలేదు. పిడుగురాళ్ల దగ్గరున్న గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని చెబుతారు. సిమెనాన్ ‘కఠిన నవల’ల్లోనూ ముగింపులు దాదాపు ఇంతే. గెలిచినవాడి చేతుల్లో ఏమీ మిగలదు.

కారంపూడిలో వీరుల గుడి ఉంది. చెన్నకేశవస్వామి, అంకాలమ్మ గుళ్లున్నాయి. కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులపాటు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. వీరాచారవంతులు తమ ఇళ్లలో తరతరాలుగా దాచుకున్న వీరుల ఆయుధాలతో వస్తారు. కొణతాలంటారు వాటిని. నాగులేటి నీటితో శుభ్రం చేసి, పసుపు కుంకుమలు పెట్టి ఊరేగిస్తారు.

మొదటి రోజు రాచగావు. రెండోరోజు రాయబారం- అలరాజు కథ ఆ రోజు. మూడోరోజు మందపోరు. నాలుగోరోజు కోడిపోరు. అయిదోరోజు కళ్లిపాడు, వీరులు నేలకొరిగిన రోజు. కథలో జరిగిన వరసకూ ఉత్సవం వరసకూ పొంతన ఉండదు. కోడిపందెం ముందు జరిగినా, ఉత్సవంలో మాత్రం రాయబారం ముందొస్తుంది.

చూసేవాళ్లకు కోడిపోరు రోజు హుషారుగా ఉంటుంది. కత్తులు పట్టుకుని పూనకాలతో ఊగే కళ్లిపాడు రోజు ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఫొటోలన్నీ ఆ రెండు రోజులవే. మధ్యలో మూడోరోజు జరిగే మరో సంగతి అంతగా ఫొటోల్లోకి ఎక్కదు. అది చాపకూడు. కులం అడగకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తినడం. బ్రహ్మనాయుడు మొదలుపెట్టాడని చెప్పుకునే ఆచారమిది. పంచముడైన కన్నమదాసును కొడుకుగా చేసుకుని సేనాపతిని చేశాడాయన. ఆ రోజుల్లో ఆ కూడు తినడమంటే యుద్ధానికి వెళ్లడం కన్నా పెద్ద సాహసం. రాయబారిని చంపిన కథ విన్న మర్నాడే జనం ఒకే చోట కూర్చుని అన్నం తింటారు. ఉత్సవం ఎవరు ఇలా అమర్చారో గానీ గొప్పగా అమర్చారు.

ఏ రోజును ఇంటికి తెచ్చుకుంటాం?

పల్నాడంటే పౌరుషాల గడ్డ అంటారు. ఆ మాట విన్నప్పుడు ఇక్కడి కుర్రాళ్లకు ఛాతీ ఉప్పొంగుతుంది. ఇళ్లలో అమ్మలకు మాత్రం గుండె దడ. ఊళ్లలో వర్గాలు, పాత కక్షలు, ఎన్నికలొస్తే కర్రలూ రాళ్లూ... 2024 మే 13న పోలింగ్ రోజునా, ఆ తర్వాతా పల్నాడులో జరిగిన గొడవలు దేశమంతా చూసింది. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టర్‌ను బదిలీ చేసింది. రోజుల తరబడి ఊళ్లలో దుకాణాలు మూతపడ్డాయి. పెళ్లిళ్ల కాలంలో పోలీసు పికెట్లు. మగవాళ్లు ఊరొదిలి వెళితే పొలం, పశువులు, పిల్లల ఫీజులు ఆడవాళ్ల నెత్తినపడ్డాయి.

ఇలాంటప్పుడు ‘పల్నాటి రక్తం’ అంటూ బాలచంద్రుడి పేరు వాడుకోవడం తేలిక. కానీ తరతరాలుగా ఈ కథ పాడిన గాయకులు దాన్ని గొప్పలు పోవడానికి పాడలేదు. పాటంతా విన్నవాళ్లకు చివర మిగిలేది గెలుపు కేక కాదు, ఏడుపు. రాజ్యం ఎవరికీ దక్కలేదు. పిల్లలు పోయారు. మాట్లాడటానికి వచ్చిన ఒక్క మనిషిని బతకనిచ్చి ఉంటే ఇదంతా జరిగేది కాదని రెండోరోజు రాయబారం కథ ఏటా గుర్తుచేస్తుంది.

సిమెనాన్ పుస్తకాలు యాభైకి పైగా భాషల్లోకి వెళ్లాయి. మెగ్రే ఎక్కడికెళ్లినా ఒకే మాట నేర్పాడు: నేరం ఒక్క మనిషి చేతిలో జరిగినా, దానికి ఊరంతా కొంత కారణం. పల్నాటి పాట చెప్పేదీ ఇదే. విషం కలిపిన చెయ్యి నరసింగరాజు మనిషిదే కావచ్చు. చూస్తూ కూర్చున్న కొలువు మాత్రం ఆ ఒక్కడిది కాదు.

ఈ కార్తీకంలో పిల్లల్ని తీసుకుని ఈ దారిన వెళ్తే కారంపూడిలో కత్తులు చూపించండి. పర్లేదు. దానికన్నా ముందు చర్లగుడిపాడు దగ్గర బండి కాసేపు ఆపండి. అలరాజు ఎవరో, ఎందుకొచ్చాడో, పేరిందేవికి ఏమైందో చెప్పండి. తర్వాత మూడోరోజు చాప మీద కూర్చుని అందరితో కలిసి నాలుగు ముద్దలు తినండి. పల్నాడు అంటే ఏమిటో వాళ్లకు ఆ రెండు చోట్లే తెలిసిపోతుంది.

ఎలా వెళ్లాలి?

క్రోసూరు నుంచి సత్తెనపల్లికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. అక్కణ్నుంచి పిడుగురాళ్ల మీదుగా గురజాల, కారంపూడి, మాచర్ల వెళ్లొచ్చు. రైల్లో రావాలనుకుంటే సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల స్టేషన్లు గుంటూరు-మాచర్ల మార్గంలోనే ఉన్నాయి. మాచర్లలో చెన్నకేశవస్వామి గుడి, పక్కన చంద్రవంక వాగు చూడాలి. అదే వాగు మీద, కాస్త ముందుకెళితే ఎత్తిపోతల జలపాతం. పిడుగురాళ్ల వైపు తిరిగొచ్చేటప్పుడు గుత్తికొండ బిలం చూడొచ్చు. వేసవిలో ఈ వైపు ఎండలు భరించడం కష్టం. నవంబరు నుంచి జనవరి దాకా హాయిగా ఉంటుంది. వీరారాధన ఉత్సవాలు చూడాలంటే కార్తీక అమావాస్య ఏ రోజో పంచాంగంలో చూసుకుని బయల్దేరండి. రెండోరోజు, మూడోరోజు మాత్రం తప్పకుండా అక్కడ ఉండేలా చూసుకోండి.